ఎంత చెదరాలో చెప్పే లెక్క

కాగితం మీద అడ్డంగా పన్నెండు, నిలువుగా ఇరవై రెండు చదరాలు. మొత్తం 264. పై వరుసలో అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని, స్కేలు పెట్టి గీసినట్టు బుద్ధిగా కూర్చుని ఉంటాయి. రెండు మూడు వరుసలు దిగేసరికి ఎక్కడో ఒక చదరం కాస్త పక్కకి ఒరుగుతుంది. నడిమికి వచ్చేసరికి ఒకదాని మూల ఇంకోదానిలోకి చొచ్చుకుపోతుంది. అడుగుకి చేరేటప్పటికి లారీ లోంచి దిమ్మరించిన కంకరలా ఏది ఏ వరుసదో తెలియదు. జర్మనీలో సీమెన్స్ కంపెనీలో పనిచేసిన గేయోర్గ్ నేస్ 1968లో కంప్యూటర్‌తో గీయించిన ఈ బొమ్మ పేరు ‘షోట్టర్’. జర్మన్‌లో ఆ మాటకు కంకర అనే అర్థం.

విశాఖపట్నం వాళ్లకు ఈ బొమ్మ ఎక్కడో చూసినట్టే ఉంటుంది. కైలాసగిరి మీంచి ఊరివైపు చూస్తే ఎంవీపీ కాలనీ సెక్టార్లు గళ్ల పుస్తకంలా పరుచుకుని ఉంటాయి. ఇళ్లన్నీ రోడ్డుకి ముఖం పెట్టి నిలబడతాయి. అక్కణ్ణుంచి చూపుని హనుమంతవాక మీదుగా ఆరిలోవ కొండవాలు వైపు జరిపితే ఇళ్లు ఒక్కొక్కటే పక్కకు తిరగడం మొదలవుతుంది. రాయి ఎటు ఒప్పుకుంటే గోడ అటు. పైకి వెళ్లేకొద్దీ ఆ తిరుగుడు పెరుగుతుంది. నేస్ బొమ్మని తలకిందులు చేసి పెట్టినట్టే.

కొండ మీద ఇల్లు పక్కకు తిరగడానికి ఒక కారణం ఉంది. బండరాయో, వాననీటి వాగో, పక్కింటి పునాదో అడ్డొచ్చి ఉంటుంది. నేస్ చదరం ఒరగడానికి అలాంటిదేమీ లేదు. యంత్రం ఒక ర్యాండమ్ అంకె, అంటే ముందే ఊహించలేని అంకె ఇచ్చింది, చదరం అంత ఒరిగింది. అయినా కన్ను రెండు చోట్లా ఒకే తీరుగా ఆగిపోతుంది. కోడ్‌తో, అంటే కంప్యూటర్‌కి రాసిచ్చే సూచనలతో గీసే కళకి ఇంతమంది ఎందుకు ఆకర్షితులవుతున్నారో తెలుసుకోవాలంటే ఈ ఆగిపోవడం దగ్గరే మొదలుపెట్టాలి.

షోట్టర్‌ను గీయడానికి కావలసిన ప్రోగ్రామ్ చాలా చిన్నది. వరుసలకి ఒక లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే సూచన, దాని లోపల ఆ వరుసలోని చదరాలకి ఇంకో లూప్. ప్రతి చదరాన్నీ గీసే ముందు కొంచెం తిప్పాలి, కొంచెం జరపాలి. ఎంత అన్నది ర్యాండమ్ అంకె చెబుతుంది. ఆ అంకెకి మాత్రం ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు వరుసతో పాటు పెరుగుతుంది. వరుసకి రెండు డిగ్రీల చొప్పున పెంచామనుకుందాం. ఐదో వరుసలో చదరం ఎటు ఒరిగినా పది డిగ్రీలు దాటకూడదు. ఇరవయ్యో వరుసలో నలభై దాకా వెళ్లొచ్చు. ప్రోగ్రామ్ మొత్తంలో ప్రాణం ఉన్న లైను ఆ ఒక్కటే.

ఆ లైనుని చెరిపేసి హద్దుని సున్నా చేస్తే గ్రాఫ్ కాగితం వస్తుంది. అన్ని వరుసలకీ ఒకేసారి పూర్తి హద్దు ఇచ్చేస్తే పైనుంచి కింది దాకా కంకర కుప్పే. ఈ రెండింటినీ చూసిన కన్ను రెండో క్షణానికే పక్కకి తప్పుకుంటుంది. మొదటిదాంట్లో తెలుసుకోవడానికి ఏమీ లేదు, రెండోదాంట్లో పట్టుకోవడానికి ఏమీ లేదు. నేస్ బొమ్మలో పై మూడు వరుసలు చూడగానే చూపు నియమాన్ని పట్టేస్తుంది, నాలుగో వరుస ఎలా ఉండాలో ముందే అనుకుంటుంది. ఆ అనుకున్నది కొంచెం తప్పుతుంది. తర్వాత ఇంకొంచెం తప్పుతుంది. ఆది తాళం చేత్తో వేస్తూ కచేరీ వినేవాళ్లకి ఈ సుఖం తెలుసు: మృదంగం దెబ్బ అనుకున్నచోట పడక, తాళాన్ని మాత్రం వదలకుండా పక్కగా పడినప్పుడే వాళ్ల తల ఊగుతుంది.

కోడ్ కళలో కళాకారుడి అసలు పని ఇదే. యాదృచ్ఛికతని, అంటే ఈ ర్యాండమ్‌ని పిలవడం ఎవరికైనా వస్తుంది, ఒక్క మాట టైపు చేస్తే చాలు. దానికి ఎంత చోటివ్వాలి, ఎక్కడ ఆపాలి, ఏ దిక్కున పెరగనివ్వాలి అన్నదాంట్లోనే చేయి తెలిసిపోతుంది.

ఇంతకీ కంప్యూటర్‌కి ర్యాండమ్ అంకె ఎక్కణ్ణుంచి వస్తుంది? దాని దగ్గర గవ్వలూ లేవు, పాచికలూ లేవు. ఉన్నది గుణకారం, భాగహారం. చేత్తోనే చేసి చూడొచ్చు. 7తో మొదలుపెడదాం. 5తో గుణించి 3 కలిపితే 38. దాన్ని 16తో భాగిస్తే శేషం 6. ఆ 6కి మళ్లీ అదే పని చేస్తే 33, శేషం 1. ఒకటికి చేస్తే 8. ఎనిమిదికి చేస్తే 43, శేషం 11. ఇలా పోతే వరుస ఇదీ: 7, 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4. తర్వాత మళ్లీ 7. సున్నా నుంచి పదిహేను దాకా ప్రతి అంకే ఒక్కసారి వచ్చింది, చూడ్డానికి కలగాపులగంగానే ఉంది. కాస్త పరీక్షగా చూస్తే బేసి, సరి, బేసి, సరి అంటూ తడవకి ఒకటిగా నడుస్తోందని దొరికిపోతుంది. ఇంత చిన్న లెక్కని నమ్ముకుని బొమ్మ గీస్తే ఆ లొసుగు బొమ్మలో చారలుగా తేలుతుంది. జపాన్ గణితజ్ఞులు 1997లో రూపొందించిన మెర్సెన్ ట్విస్టర్ అనే పద్ధతిలో వరుస మళ్లీ మొదటికి రావాలంటే ఎన్ని అంకెలు గడవాలో ఆ సంఖ్యని రాయడానికే ఆరు వేల పైచిలుకు అంకెల స్థానాలు కావాలి. అంత పెద్ద వరుసే అయినా లోపల ఉన్నది లెక్కే.

మొదట ఇచ్చిన 7ని సీడ్ అంటారు, విత్తనం అన్నమాట. పేరు బాగానే పెట్టారు గానీ ఒక తేడా ఉంది. ఒకే వేపచెట్టు గింజలు రెండు నాటితే రెండు చెట్ల కొమ్మలూ ఒకేలా రావు. ఇక్కడ ఒకే సీడ్ వేస్తే ఎన్నిసార్లు వేసినా, ఎవరి కంప్యూటర్‌లో వేసినా ఆకు కూడా తేడా లేకుండా అదే చెట్టు. ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ కలిపే మనిషి అవే మరమరాలు, అవే ఉల్లిపాయ ముక్కలు, అదే నిమ్మరసం వేస్తాడు, అయినా ఏ రెండు పొట్లాలూ ఒకటి కావు. నిన్నటి పొట్లమే మళ్లీ కావాలంటే మాత్రం పాపం ఇవ్వలేడు. కోడ్ ఇవ్వగలదు. సీడ్‌ని ఒకటి నుంచి పదివేల దాకా మారుస్తూ పోయి, ఎక్కడో 4127 దగ్గర బొమ్మ గుండె పట్టుకుంటే ఆ నాలుగంకెలు రాసిపెట్టుకుంటే చాలు. రాసినవాళ్లకే తెలియని బొమ్మ ఎదురవడం, ఎదురైనది చేజారిపోకుండా ఉండడం. ఈ రెండూ ఒకేచోట దొరకడం చిత్రకళ చరిత్రలో కొత్త సంగతి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక కూడా మనుషుల్ని మళ్లీ కీబోర్డు దగ్గర కూర్చోబెట్టేది ఇదే. పగలంతా కోడ్‌లో అనుకోనిది జరిగితే అది బగ్, సరిదిద్దాల్సిన తప్పు. ఇక్కడ అనుకోనిది జరగాలని ఎదురుచూస్తారు.

ర్యాండమ్‌లో రకాలున్నాయన్నది చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. అష్టాచెమ్మా ఆడినవాళ్లకి మాత్రం చిన్నప్పుడే తెలుసు. నాలుగు గవ్వలు వేస్తే రెండు పడినంత తరచుగా అష్టా పడదు. గవ్వ రెండు వైపులకీ సమానంగా పడుతుందనుకుంటే, పదహారు పందేలకి సగటున రెండు ఆరుసార్లు, ఒకటి నాలుగుసార్లు, మూడు నాలుగుసార్లు పడతాయి. చెమ్మా, అష్టా చెరొక్కసారి. ఒక్క పాచిక వేస్తే ఆరు ముఖాలకీ ఒకటే అవకాశం, గవ్వలు కలిపి వేస్తే మాత్రం నడిమికి మొగ్గు. కొమ్మ ఎంత కోణంలో చీలాలో పాచికని అడిగితే చెట్టు పిచ్చిపట్టినట్టు వస్తుంది. గవ్వల్ని అడిగితే చాలా కొమ్మలు మామూలుగా పెరిగి, ఎక్కడో ఒక్కటి మాత్రం ఊహించనంత పక్కకి పోతుంది. చూసేవాళ్లు గుర్తుపెట్టుకునేది ఆ ఒక్క కొమ్మనే.

చుక్కల సంగతి ఇంకా ఆశ్చర్యం. ర్యాండమ్‌గా చుక్కలు పెట్టమంటే మనిషి తనకు తెలియకుండానే వాటిని ఎడంఎడంగా పెడతాడు. నిజమైన యాదృచ్ఛికత అంత మర్యాదైనది కాదు. ఎండిన గచ్చు మీద మొదటి చినుకులు పడేటప్పుడు చూస్తే ఒకచోట ఐదారు గుంపుగా పడి, పక్కన జానెడు జాగా పొడిగా మిగులుతుంది. అలాంటి చుక్కలతో ఇసుక రేణువులో, చేప పొలుసులో గీస్తే మురికి మరకల్లా ఉంటాయి. అందుకే కోడ్ రాసేవాళ్లు ఇంకో షరతు కలుపుతారు: కొత్త చుక్క ఎక్కడైనా పడొచ్చు, ముందున్న చుక్కకి ఇంత దూరంలోపు మాత్రం పడకూడదు. ఈ పద్ధతిని చూడాలంటే ఆదివారం సాయంత్రం కాళీమాత గుడి ఎదుట ఇసుకలోకి వెళ్తే సరి. ఎవరూ టేపు పట్టి కొలవరు, ఎవరికీ నంబర్లు ఇవ్వరు. అయినా ఖాళీ ఉన్నంతసేపూ ఏ కుటుంబమూ ఇంకో కుటుంబం దుప్పటి పక్కనే దుప్పటి పరవదు. గుడి మీంచి వంగి చూసినట్టు ఊహించుకుంటే ఆ దుప్పట్ల అమరికలో వరుసా లేదు, గుంపూ లేదు. కన్నుకి హాయిగా ఉండే అమరిక అదే, లెక్కకట్టలేనంత పాతది కూడా.

కొండలు గీయాలంటే మరో ఉపాయం కావాలి. ప్రతి అడుగుకీ ఎత్తుని విడిగా ర్యాండమ్‌గా తీసుకుంటే కొండకి బదులు రంపపు పళ్లు వస్తాయి. కంప్యూటర్ బొమ్మల్లో ఉండే ప్లాస్టిక్ నునుపు మీద అసంతృప్తితో అమెరికా కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు కెన్ పెర్లిన్ 1983లో ఒక పద్ధతి కనిపెట్టాడు. అందులో పక్కపక్క అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, దూరం వెళ్లేకొద్దీ సంబంధం తెగిపోతుంది. ముందు పెద్ద అల ఒకటి తీసుకుని, దాని మీద సగం సైజు అల, దాని మీద ఇంకా చిన్నది పేర్చుకుంటూ పోతే పెద్దది కొండ అవుతుంది, తర్వాతది గట్టు, చివరిది బండల గరుకు. సినిమాల్లో పొగకీ, నీటికీ, పాలరాతికీ ఇది ఎంతగా పనికొచ్చిందంటే 1997లో పెర్లిన్‌కి ఆస్కార్ సంస్థ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. పెర్లిన్ అలలతో తూర్పు కనుమల్లాంటి గీత నిమిషంలో వస్తుంది. సముద్రంలోకి మూతి చాచిన యారాడ కొండ మాత్రం రాదు. డాల్ఫిన్ నోస్ అని పేరు పెట్టాలనిపించే ఆకారం ఒక్కటి కావాలంటే మనిషి పూనుకుని అక్కడ ఆ ముక్కు పెట్టాల్సిందే. ఈ పద్ధతి తేలిగ్గా దొరుకుతోంది కాబట్టి దీంతో గీసిన మెలికల గీతలు ఇప్పుడు లెక్కలేనన్ని కనిపిస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం అందంగానే ఉంటాయి, ఒక్కటీ గుర్తుండదు.

భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు ఇంతకంటే లోతైన పాఠం చెబుతాయి. 2014లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వీటిని భూవారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. నీళ్లు ఇక్కడ చేసిందల్లా రెండే పనులు: పల్లానికి పోవడం, మెత్తగా ఉన్నచోట కోయడం. మొదట ఎక్కడో వేలెడు గాడి పడింది. ఎందుకక్కడే అంటే చెప్పడానికి పెద్ద కారణమేమీ ఉండదు. గాడి పడింది కాబట్టి తర్వాతి వాన నీళ్లు అటే ఎక్కువగా వచ్చాయి. ఎక్కువ వచ్చాయి కాబట్టి గాడి ఇంకా లోతైంది. పక్కనుంచి పిల్ల గాడులు వచ్చి దాంట్లో కలిశాయి. చివరికి మనిషిని మించిన లోతున, చెట్టు వేళ్లలా చీలిన లోయలు. మొదటి చినుకు వేసిన ఓటుని తర్వాతి వానలన్నీ బలపరుస్తూ పోయాయన్నమాట. కోడ్ కళలో వేళ్లలా, పగడాల్లా, మెరుపుల్లా పాకే బొమ్మలన్నీ ఈ సూత్రం మీదే నడుస్తాయి. ముందు జరిగిన యాదృచ్ఛిక సంఘటనని ప్రోగ్రామ్ మరిచిపోకుండా, తర్వాతి అడుగుని దాని మీదే వేస్తుంది. ఒక్కో అంకెనీ వాడి పారేసే బొమ్మలకన్నా ఇవి లోతుగా అనిపించడానికి కారణం అదే. వాటిలో గతం ఉంటుంది.

యంత్రం లేకుండానే నియమాలతో బొమ్మ గీయడం తెలుగు వాకిళ్లకి పాత విద్య. ‘పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు, సందు చుక్క’ అని వారపత్రికల్లో ముగ్గు కింద వేసే ఆ చిన్న మాట ప్రోగ్రామే. నడిమి వరుసలో పదిహేను పెట్టాలి, పైకీ కిందికీ వరుసకొక చుక్క తగ్గించుకుంటూ ఎనిమిది దగ్గర ఆగాలి, ప్రతి వరుసా ముందు వరుస సందుల్లో పడాలి. మొత్తం 169 చుక్కల చోట్లు ఐదారు మాటల్లో ఇమిడిపోయాయి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి మరొకరితో కలిసి 1974లో కోలాలకు, అంటే తమిళుల ముగ్గులకు వ్యాకరణం రాసి, కంప్యూటర్ శాస్త్రంలో ఈ విద్యకి ఒక పీట వేశారు.

ముగ్గులో యాదృచ్ఛికతకి ఎవరూ చోటు కేటాయించరు, అదే వస్తుంది. వేళ్ల సందుల్లోంచి పిండి జారేటప్పుడు మలుపు దగ్గర గీత లావవుతుంది, తడి ఆరని చోట పిండి కాస్త పీల్చుకుంటుంది, చివరి మెలికకి నడుం నొప్పెట్టి చేయి తొందరపడుతుంది. ధనుర్మాసంలో విశాఖ వీధుల్లో ఒకే ముగ్గు నాలుగు వాకిళ్లలో కనిపించినా నాలుగూ నాలుగు చేతులవని తెలిసిపోతుంది. అపార్ట్‌మెంట్ గుమ్మాల ముందు అతికించే స్టిక్కర్ ముగ్గులో చుక్క చుక్కా కొలిచి పెట్టినట్టే ఉంటుంది, దాని మీద చూపు ఒక్క క్షణం నిలవదు. నియమం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. స్టిక్కర్‌లో లేనిది ఆ కొద్దిపాటి జారుడే.

ఆ కొద్ది ఎంత అన్నది జీవితమంతా వెతికిన చిత్రకారిణి వేరా మోల్నార్. 1924లో బుడాపెస్ట్‌లో పుట్టి, పారిస్‌లో స్థిరపడి, 2023 డిసెంబర్‌లో అక్కడే కన్నుమూసిన ఈమె 1959 నుంచే తన పద్ధతిని ఊహాయంత్రం అని పిలుచుకుంది. నియమాలు రాసుకుని, కంప్యూటర్ ఉన్నట్టే భావించి, వాటిని తు.చ. తప్పకుండా చేత్తో అమలు చేసేది. వాకిట్లో ముగ్గు వేసే మనిషి చేసేదీ ఇదే కదా. 1968లో అసలు కంప్యూటర్ చేతికొచ్చింది. ఆ తర్వాతి దశాబ్దంలో ఒకదానిలో ఒకటి ఇమిడిన చదరాలని గీస్తూ ఒక వరుస బొమ్మలకి ‘ఒక శాతం గందరగోళం’ అని పేరు పెట్టింది. ఆ పేరు చూస్తేనే ఆమె పని తీరు తెలుస్తుంది. చాలామందికి యాదృచ్ఛికత అంటే తెంచుకుపోయే స్వేచ్ఛ. మోల్నార్‌కి అది కూరలో ఉప్పు. ఈ రంగంలో ఒక్కరి బొమ్మలే చూసే తీరిక ఉందంటే ఈమెవే చూడాలి.

మనుషులు ఈ చెదురుని మనిషి గుర్తుగానే చదువుకుంటారనడానికి ఒక పాత ప్రయోగం ఉంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ ఇంజనీర్ మైకేల్ నోల్, డచ్ చిత్రకారుడు మోంద్రియాన్ 1917లో చిన్న చిన్న అడ్డ, నిలువు గీతలతో వేసిన ఒక బొమ్మని తీసుకుని, అలాంటిదే కంప్యూటర్‌తో తయారు చేశాడు. రెండింటి నకళ్లూ వందమందికి చూపిస్తే 59 మందికి కంప్యూటర్ బొమ్మే ఎక్కువ నచ్చింది. ఏది కంప్యూటర్‌దో సరిగ్గా చెప్పగలిగినవాళ్లు 28 మందే. కంప్యూటర్ బొమ్మలో గీతలు ఎక్కువ చెదిరి ఉన్నాయి, పొందికగా ఉన్నదే యంత్రానిదై ఉంటుందని ఎక్కువమంది అనుకున్నారు. మోంద్రియాన్ కంటే కంప్యూటర్ గొప్పదని దీనికి అర్థం తీయకూడదు. రంగూ, కుంచె ఒత్తిడీ నకళ్లలో పోతాయి. వంకర కనిపిస్తే దాని వెనక చేయి ఉందని నమ్మే అలవాటు మనలో ఎంత బలంగా ఉందో మాత్రం తెలుస్తుంది.

మరి కళాకారుడెవరు అన్న గొడవ మొదటి రోజే వచ్చింది. 1965లో స్టుట్‌గార్ట్‌లో నేస్ బొమ్మల్ని ప్రదర్శించినప్పుడు అక్కడికొచ్చిన చిత్రకారులకి కోపం వచ్చింది. నా గీతలోని తీరుని నీ యంత్రం పట్టగలదా అని ఒకరు నిలదీశారట. ఆ తీరేమిటో మీరు చెబితే పట్టగలదని నేస్ జవాబిచ్చారట. పొగరుగా వినిపిస్తుంది గానీ అది నిజాయితీగల జవాబే. తన చేయి ఏం చేస్తుందో మాటల్లో పెట్టగలిగిన చిత్రకారుడు అరుదు. కోడ్ కళ అడిగేది అదే. ఏది ఇష్టమో చెప్పు, ఎంత ఇష్టమో అంకెల్లో చెప్పు అని.

ఎంపిక సంగతీ ఇక్కడే తేల్చుకోవాలి. సీడ్లు మారుస్తూ వెయ్యి బొమ్మలు తీసి, బాగున్న పదిటిని మాత్రమే గోడకెక్కించడం దశాబ్దాలుగా నడిచిన పద్ధతి. 2021లో టైలర్ హాబ్స్ అనే కోడ్ కళాకారుడు ‘ఫిడెంజా’ అనే ప్రోగ్రామ్‌తో ఆ వెసులుబాటు లేని పోటీకి దిగాడు. కొనేవాళ్లు కొన్న క్షణాన సీడ్ పుడుతుంది, బొమ్మ తయారవుతుంది, ముందుగా చూసి తీసేయడం కుదరదు. అలా 999 బొమ్మలు వచ్చాయి. ఒక్కటి కూడా తలదించుకునేలా ఉండకూడదు, ఏ రెండూ కవలల్లా ఉండకూడదు. అప్పట్లో వాటి ధరలు ఎక్కిన ఎత్తులూ, తర్వాత ఆ బజారు పడిన తీరూ వేరే కథ, కళకి దాంతో పెద్దగా పనిలేదు. మెచ్చుకోవాల్సింది హద్దులు పెట్టడంలో ఆ ప్రోగ్రామ్ చూపించిన నేర్పుని. మాటలు చెబితే బొమ్మ ఇచ్చే ఇప్పటి ఏఐ పరికరాలకీ దీనికీ ఉన్న దూరం కూడా అక్కడే ఉంది. కోడ్‌లో ఫలానా గీత ఎందుకు అలా వంగిందంటే లైను నంబరు చూపించి చెప్పొచ్చు. ఏఐ బొమ్మలో అలా వేలు పెట్టి చూపించే వీలు లేదు.

మొదలుపెట్టడం ఇప్పుడు ఏమంత కష్టం కాదు. 2001లో ఎంఐటీలో కేసీ రియాస్, బెన్ ఫ్రై చిత్రకారుల కోసం తయారు చేసిన ప్రాసెసింగ్ అనే ప్రోగ్రామింగ్ సాధనం, దానికి వెబ్ రూపంగా లారెన్ మెకార్థీ తెచ్చిన పీ5 రెండూ ఉచితం. పీ5 ఫోన్ బ్రౌజర్‌లో కూడా నడుస్తుంది. షోట్టర్‌కి పదిహేను లైన్లు చాలు. వరుస సంఖ్యని తిరగేస్తే చెదురు కింది నుంచి పైకి పెరుగుతుంది, ఎంవీపీ కాలనీలో మొదలై ఆరిలోవ కొండ ఎక్కుతున్నట్టు. ఆ తర్వాత ఒక్క లైను చేర్చి చూడాలి. ప్రతి చదరానికీ ఒక పక్క చిన్న గుమ్మం గీసి, చదరం ఎటు ఒరిగినా సరే ఆ గుమ్మాన్ని మాత్రం ర్యాండమ్‌కి వదలకుండా, కింద మెట్లదారికి దగ్గరగా ఉన్న పక్కనే పెట్టాలి. 264 చదరాలూ ఇళ్లవుతాయి.